గ్రీన్‌కార్డు ఉండి ఇండియాలో నెలల తరబడి ఉండాల్సి వస్తే ఏం చేయాలి

ఏడాదికోసారి వెళ్లి మొహం చూపించి వస్తే గ్రీన్‌కార్డుకి ఢోకా లేదన్న మాట మన పెళ్లిళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంటుంది. ఆరు నెలల్లోపు వెనక్కి వస్తే అసలు ఎవరూ అడగరన్నది ఇంకో మాట. రెండింట్లోనూ కాస్త నిజం ఉంది. అందుకే జనం నమ్మేస్తారు, ఇబ్బందుల్లో పడతారు. అమెరికా చట్టం రోజులు లెక్కపెడుతుంది, కాదనను. కానీ ఆ లెక్క వెనక అది అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: మీ కాపురం ఎక్కడ? అమెరికాలో కాపురం ఉండి ఇండియాకి వెళ్లొస్తున్నారా, ఇండియాలో కాపురం ఉండి అమెరికాకి వెళ్లొస్తున్నారా? మొదటిదైతే పది నెలలు ఉన్నా నిలదొక్కుకోవచ్చు. రెండోదైతే ఐదు నెలలకే వచ్చినా కార్డు మీద ప్రశ్న లేవొచ్చు.

1975లో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చిన కేన్ కేసు చూడండి. ఆవిడది జమైకా. అక్కడ లాడ్జి నడుపుకుంటూ ఏడాదిలో పదకొండు నెలలు అక్కడే ఉండి, ఒక్క నెల అమెరికా వచ్చి పోయేది. ఏటా వస్తూనే ఉంది. అయినా స్థిర నివాసం వదులుకున్నట్టే అన్నారు. ఎందుకు వెళ్లారు, ఎప్పటికి తిరిగి రావాలనుకున్నారు, ఇల్లూ ఉద్యోగం కుటుంబం ఎక్కడున్నాయి? ఆ తీర్పు చూసిన ఈ విషయాలనే ఇవాళ్టికీ ఎయిర్‌పోర్టులో అటూ ఇటూ తిప్పి అడుగుతారు.

కింద రాసిందంతా ఇండియన్ పాస్‌పోర్టు, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల కోసం. నాన్నగారికి బాగాలేదని బయల్దేరేవాళ్లు, పురుడుకి పుట్టింటికి వచ్చేవాళ్లు, కంపెనీ పనిమీద హైదరాబాద్‌లో ఏడాదో రెండేళ్లో ఉండేవాళ్లు, పిల్లలు స్పాన్సర్ చేస్తే కార్డు వచ్చిన అమ్మానాన్నలు. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్ల నియమాలు వేరు.

మొదటి పని: ఎన్నాళ్లు ఉంటారో నిజంగా తేల్చుకోండి

గుర్తుపెట్టుకోవాల్సిన హద్దులు మూడే: 180 రోజులు, ఒక ఏడాది, రెండేళ్లు.

ఒక ట్రిప్పులో 180 రోజులు దాటకుండా తిరిగొస్తే చట్టం మిమ్మల్ని మామూలుగా ఇంటికి తిరిగొచ్చే మనిషిగానే చూస్తుంది. దాటితే కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్ల లెక్కన చూడొచ్చు. అంటే మొదటిసారి వచ్చినప్పుడు అడగగలిగినవన్నీ మళ్లీ అడగొచ్చు. కార్డు పోయినట్టు కాదు, ప్రశ్నలు పెరుగుతాయి. అయితే పాత క్రిమినల్ కేసు ఏదన్నా ఉంటే రోజులతో పని లేదు, పది రోజుల ట్రిప్పైనా ముందు లాయర్‌ని కలవాల్సిందే.

ఏడాది దాటితే సంగతి వేరు. గ్రీన్‌కార్డు తిరుగు ప్రయాణానికి పనికొచ్చేది ఏడాదిలోపు తాత్కాలికంగా బయట ఉన్నవాళ్లకే. కార్డు మీద ఇంకా ఏడేళ్ల గడువు కనబడుతున్నా సరే, ఏడాది నిండాక అది ఒక్కటీ చూపించి రావడానికి కుదరదు. చాలామంది కార్డు మీద ఉండే గడువు తేదీని, వెనక్కి రావాల్సిన గడువునీ కలిపేసుకుంటారు. ఆ తేదీ ప్లాస్టిక్ ముక్కకి మాత్రమే.

రెండేళ్లనేది రీఎంట్రీ పర్మిట్ హద్దు. ఏడాదికి మించి బయట ఉండాల్సినవాళ్లు వెళ్లేముందే దరఖాస్తు పెట్టుకునే తిరుగు ప్రయాణ అనుమతి అది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు మీ విషయం. "అమ్మకి మోకాలి ఆపరేషన్, నాలుగు నెలల్లో వచ్చేస్తా" అనుకుంటే ఒక రకం తయారీ చాలు. "నాన్న మంచం పట్టారు, ఎన్నాళ్లో తెలీదు" అనుకుంటే ఏడాది దాటుతుందనే లెక్కలోనే ఏర్పాట్లు చేసుకోండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల అనారోగ్యం అనుకున్న గడువులో ముగియడం అరుదు. పెళ్లి సంబంధాలు చూడటానికి వచ్చేవాళ్లకీ ఇదే మాట.

రెండో పని: బయల్దేరేముందు అమెరికాలో ఏం వదిలి వెళ్తున్నారో చూసుకోండి

మళ్లీ వస్తానని నోటితో ఎవరైనా చెప్తారు. ఆఫీసర్ చూసేది కాగితం.

సొంతిల్లు ఉంటే అమ్మకుండా అద్దెకిచ్చి వెళ్లడం మేలు. అద్దె ఇల్లైతే లీజు కొనసాగించగలిగితే మంచిదే, కానీ ఖాళీ ఇంటికి నెలనెలా అద్దె కట్టడం అందరివల్లా కాదు. అప్పుడు సామాను స్టోరేజ్‌లో పెట్టి ఆ రసీదులు ఉంచుకోండి, ఉత్తరాలు అందే చిరునామా ఒకటి నమ్మకస్తుల దగ్గర ఏర్పాటు చేసుకోండి. చిరునామా మారితే పది రోజుల్లోగా ఏఆర్-11 ఫారం ద్వారా యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి) చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, దాదాపు అందరూ మర్చిపోయే పని కూడా. బ్యాంకు ఖాతా, క్రెడిట్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, కారు ఉంటే దాని ఇన్సూరెన్స్, ఇవన్నీ నడుస్తూ ఉండాలి.

ఉద్యోగం ఉంటే రాజీనామా కంటే సెలవు ఎంతో నయం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవో, తర్వాత మళ్లీ అదే ఉద్యోగంలో చేరతారనీ రాసిన ఉత్తరం హెచ్‌ఆర్ నుంచి తీసుకోండి. హైదరాబాద్ ఆఫీసుకి పంపిస్తుంటే ఆ ఉత్తరంలో పని ముగిసే తేదీ ఉండాలి. "తదుపరి ఉత్తర్వుల వరకు" తరహా మాటలుంటే మార్పించుకోండి. తాత్కాలికంగా వెళ్తున్నారని చూపడానికి ముగింపు తేదీకి మించిన సాక్ష్యం లేదు.

పన్నుల దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి, మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం మీరు అమెరికా పన్ను చట్టం దృష్టిలో రెసిడెంట్. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా 1040 ఫారంలో (అమెరికా ఆదాయపు పన్ను రిటర్నులో) చూపించాలి. ఇండియా ఎఫ్‌డీల వడ్డీ, గుంటూరులో ఇంటి అద్దె, అన్నీ. ఏడాదంతా ఇండియాలోనే ఉన్నాను కదా, నాన్ రెసిడెంట్‌గా 1040-ఎన్‌ఆర్ వేస్తే పన్ను తగ్గుతుందని ఎవరో చెప్తారు. తగ్గొచ్చు కూడా. కానీ ఆ రిటర్నుతో "నేను అమెరికా నివాసిని కాను" అని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది. రీఎంట్రీ పర్మిట్ దరఖాస్తులోనూ, పౌరసత్వం దరఖాస్తులోనూ నాన్ రెసిడెంట్‌గా ఎప్పుడైనా రిటర్న్ వేశారా అన్న ప్రశ్న సూటిగా ఉంటుంది. అలాగే ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు) దాఖలు చేయాలి. ఇండియాలో మీ సీఏ ఎంత మంచివాడైనా అమెరికా ఇమిగ్రేషన్ ఆయన పరిధి కాదు. రెండు పక్కలా తెలిసినవాళ్లని అడగండి.

మూడో పని: ఏడాది దాటే అవకాశం ఉంటే రీఎంట్రీ పర్మిట్

దీనికి ఐ-131 ఫారం. పెట్టేనాటికి మీరు అమెరికాలోనే ఉండాలి, ఇండియా వచ్చేశాక పెట్టడానికి లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది పదో నెలలో హడావుడిగా టికెట్ కొనుక్కుంటారో.

2024 ఏప్రిల్ 1 నుంచి ఫీజు 630 డాలర్లు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి పంపే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఒకసారి చూసుకోండి. ప్రయాణానికి కనీసం 60 రోజుల ముందు పెట్టమని వాళ్ల సూచన. ఫారం అందాక 14 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లని వేలిముద్రలకి పిలుస్తారు. ఒక్కోసారి పాత వేలిముద్రలే వాడుకుంటామని నోటీసు వస్తుంది. పిలుపు వస్తే ఆ పని ముగించుకుని విమానం ఎక్కండి. ఈలోగా ఇండియాలో పరిస్థితి విషమించి వెళ్లిపోవాల్సి వస్తే దరఖాస్తు ఏమీ రద్దయిపోదు, కానీ వేలిముద్రల తేదీకి మళ్లీ రావాల్సి రావచ్చు. పర్మిట్ చేతికొచ్చేదాకా అమెరికాలోనే కూర్చోనక్కర్లేదు. ఎలాగూ నెలల తరబడి పడుతుంది.

పర్మిట్ ఎక్కడికి పంపాలో ఫారంలోనే అడుగుతారు. అమెరికా చిరునామా ఇవ్వొచ్చు, లేదా ఇండియాలోని అమెరికా ఎంబసీకో కాన్సులేట్‌కో పంపమని కోరొచ్చు. అమెరికాలో నమ్మకమైన బంధువులుంటే వాళ్ల చిరునామా ఇచ్చి, వచ్చాక కొరియర్‌లో తెప్పించుకోవడం కూడా చాలామంది చేసే పనే. చేతికొచ్చేది పాస్‌పోర్టులాంటి చిన్న పుస్తకం. అది పాస్‌పోర్టుకి బదులు కాదు, ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు కూడా వెంట ఉండాలి.

సాధారణంగా రెండేళ్లకి ఇస్తారు. పొడిగింపు ఉండదు. ఇంకా కావాలంటే మళ్లీ అమెరికా వచ్చి కొత్తది పెట్టుకోవాలి. గత ఐదేళ్లలో నాలుగేళ్లకి మించి బయటే ఉన్నవాళ్లకి, కొన్ని మినహాయింపులు పోగా, ఏడాదికే ఇస్తారు. పెళ్లి ద్వారా వచ్చిన రెండేళ్ల కండిషనల్ కార్డు ఉన్నవాళ్లకైతే, షరతులు తీసేయమని ఐ-751 పెట్టాల్సిన తేదీ దాటి పర్మిట్ ఇవ్వరు. ఆ ఐ-751 గడువు మీరు ఇండియాలో ఉన్నారని ఆగదు, మర్చిపోకండి.

పర్మిట్ ఉంటే ఒరిగేదేమిటి? అది చెల్లుబాటులో ఉన్నంతకాలం, కేవలం ఎన్నాళ్లు బయట ఉన్నారన్న కారణంతోనే నివాసం వదిలేశారని అనడానికి వీల్లేదు. "కేవలం" అన్నది గట్టిగా పట్టుకోండి. రోజుల లెక్క పక్కకి పోతుంది కానీ మిగతావన్నీ చూడొచ్చు. అమెరికాలో ఇల్లు అమ్మేసి, ఉద్యోగం మానేసి, కొండాపూర్‌లో విల్లా కొని పిల్లల్ని అక్కడి స్కూల్లో వేసినవాళ్లని పర్మిట్ ఒక్కటే గట్టెక్కించదు.

అయినా నా సలహా: ఎనిమిది తొమ్మిది నెలల ప్రయాణమైనా, పర్మిట్ పెట్టే వీలుంటే పెట్టేయండి. తిరిగి రావాలనే ఉద్దేశంతోనే వెళ్లారనడానికి వెళ్లకముందే తేదీతో సహా మీరు ఇచ్చిన రాతపూర్వక సాక్ష్యం అది.

నాలుగో పని: ఇండియాలో ఉన్నప్పుడు ఫైలు పెంచుతూ పోండి

ఎందుకు ఆగిపోవాల్సి వచ్చిందో చెప్పే కాగితాలు ఎప్పటికప్పుడు తీసుకోవాలి. ఏడాది తర్వాత ఆసుపత్రికి వెళ్లి పాత తేదీలతో సర్టిఫికెట్ అడిగితే ఇవ్వరు, ఇచ్చినా ఎవరూ నమ్మరు.

మన డాక్టర్లు ఇచ్చే ఉత్తరం ఎలా ఉంటుందో మీకు తెలుసు. లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు: ఫలానా పేషెంటు నా దగ్గర చికిత్స పొందుతున్నారు, విశ్రాంతి అవసరం. కింద సంతకం, స్టాంపు. దానివల్ల ప్రయోజనం తక్కువ. జబ్బు పేరు, ఆసుపత్రిలో చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ప్రయాణం చేయకూడదో, ఎందుకు చేయకూడదో ఉండాలి. పేషెంటు మీరు కాక మీ నాన్నగారైతే, పక్కన ఒక మనిషి ఎందుకు ఉండాల్సి వచ్చిందో కూడా రాయించండి. డిశ్చార్జి సమ్మరీ ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి అనువాదం గొడవ లేదు. బిల్లులు, మందుల చీటీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద అచ్చు ఆర్నెల్లకి తెల్లబడిపోతుంది.

టికెట్లు మార్చుకున్న రసీదులు కూడా దాచండి. మార్చిలో రావాల్సిన టికెట్ జూన్‌కి, జూన్‌ది సెప్టెంబర్‌కి మార్చారంటే, తిరిగి వెళ్లాలని ప్రతిసారీ అనుకున్నారనే కదా అర్థం.

కార్డు ఎక్కడన్నా పారేసుకుంటే టెన్షన్ పడకండి. బయటికి వచ్చి ఏడాది దాటకుండా ఉంటే, లేదా చెల్లుబాటు అయ్యే రీఎంట్రీ పర్మిట్‌తో రెండేళ్లలోపు ఉంటే, ఐ-131ఏ పెట్టి కాన్సులేట్ నుంచి ప్రయాణపత్రం తీసుకోవచ్చు. దాని ఫీజు 575 డాలర్లు, ఆన్‌లైన్‌లో కట్టాలి. ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. కార్డుకి రెండు పక్కలా తీసిన ఫొటో మెయిల్‌లో ఉంటే పని చాలా తేలికవుతుంది. కార్డు గడువు దగ్గరపడితే బయల్దేరేముందే ఐ-90 (కొత్త కార్డు కోసం దరఖాస్తు) పెట్టేయండి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ రసీదు పాత కార్డు గడువుని 36 నెలలు పొడిగిస్తోంది.

పురుడుకి వచ్చినవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. గ్రీన్‌కార్డు ఉన్న తల్లి తాత్కాలికంగా ఇండియా వచ్చినప్పుడు బిడ్డ పుడితే, ఆ బిడ్డకి ఇమిగ్రెంట్ వీసా లేకుండానే అమెరికాలోకి రానిస్తారు, అక్కడ దిగగానే స్థిర నివాసిగా నమోదు చేస్తారు. షరతులు రెండు. బిడ్డకి రెండేళ్లు నిండకముందే రావాలి. వెంట వచ్చే తల్లికో తండ్రికో అది బిడ్డ పుట్టాక మొదటి రాక అయి ఉండాలి. మన దగ్గర జరిగేదేమిటంటే, సెలవు అయిపోయిందని తల్లి ఒక్కతే వెళ్లిపోతుంది, బిడ్డని ఏడాది దాకా అమ్మమ్మ చూసుకుంటుంది, తర్వాత ఎవరో తీసుకొస్తారు. అలా చేస్తే ఈ వెసులుబాటు పోయే ప్రమాదం ఉంది. పోతే బిడ్డ కోసం ఐ-130 (కుటుంబ సభ్యుల గ్రీన్‌కార్డు కోసం వేసే) పిటిషన్ పెట్టి వీసా కోసం వేచి చూడాలి. కాబట్టి ఒక్కతే వెనక్కి వెళ్లే ఆలోచన ఉంటే ముందు లాయర్‌తో మాట్లాడండి. బిడ్డతో వెళ్లేటప్పుడు బిడ్డ ఇండియన్ పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం కావాలి. మున్సిపాలిటీ మొదట ఇచ్చే సర్టిఫికెట్‌లో చాలాసార్లు బిడ్డ పేరు ఉండదు. బారసాల కాగానే వెళ్లి పేరు చేర్పించుకోండి, తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే పడ్డాయో లేదో అప్పుడే చూసుకోండి.

పిల్లల గురించి ఇంకో మాట. చిన్నపిల్లల నివాస హోదా తల్లిదండ్రులతో ముడిపడి ఉంటుంది. పెద్దవాళ్లు నివాసం వదిలేశారని తేలితే ఆ ఉద్దేశం మైనర్ పిల్లలకీ అంటగడతారు.

ఇండియా పక్కన కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఉంటే ఇండియాలో పన్ను రెసిడెంట్ అయిపోతారు. ఎన్నాళ్లని తేల్చుకోకుండా ఉండిపోతుంటే ఎన్‌ఆర్‌ఈ ఖాతాల (ప్రవాసులకిచ్చే ఖాతాల) సంగతి బ్యాంకులో కనుక్కోండి.

ఐదో పని: తిరిగి దిగే రోజు

మొదటి గేటు శంషాబాద్‌లోనే. ఏడాది దాటినవాళ్ల దగ్గర పర్మిట్ లేకపోతే విమానయాన సంస్థ కౌంటర్ దగ్గరే ఆపేయొచ్చు. సరైన కాగితం లేని మనిషిని తీసుకెళ్తే జరిమానా కట్టాల్సింది వాళ్లు కదా.

అబుదాబి మీదుగా వెళ్లే విమానాల్లో అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. మామూలు రోజుల్లో అది హాయి, అమెరికాలో దిగాక క్యూ ఉండదు. కానీ మీ కేసులో ఏ మాత్రం సందేహం ఉన్నా ఆ దారి వద్దంటాను. అక్కడ వద్దన్నారంటే విమానమే ఎక్కరు. అమెరికా గడ్డ మీద దిగాక మీకుండే హక్కులు వేరు.

ఆఫీసర్ అడిగేవి చిన్న ప్రశ్నలే. ఎన్నాళ్లయింది వెళ్లి? ఎందుకు? ఎక్కడ ఉంటారు? ఏం చేస్తారు? మన పెద్దవాళ్లు ఇక్కడే పొరపడతారు. "మా అబ్బాయిని చూసి పోదామని వచ్చాం, సంక్రాంతికల్లా వెళ్లిపోతాం" అని నవ్వుతూ చెప్తారు. ఇల్లు తెనాలిలో ఉందని, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చామని వాళ్ల నోటితోనే చెప్పినట్టవుతుంది. అబద్ధం చెప్పించమనడం లేదు. నిజంగా కొడుకు దగ్గరే కాపురం ఉంటూ ఊరికి వెళ్లొస్తుంటే ఆ నిజాన్నే చెప్పమనండి: ఇక్కడే ఉంటాం, ఊళ్లో పొలం పనులు చూసుకుని వచ్చాం అని. ఇంగ్లీషు సరిగా రాకపోతే తెలుగు అనువాదకుణ్ణి అడగొచ్చు. తెలిసీ తెలియక అన్నింటికీ "యెస్, యెస్" అనడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

అనుమానం వస్తే పక్క గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ ముందు పెట్టగల కాగితం ఐ-407. స్థిర నివాసాన్ని నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని దాని సారాంశం. 2025 మార్చిలో, ముఖ్యంగా చలికాలం ఇండియాలో గడిపి వస్తున్న వృద్ధుల మీద ఈ సంతకం కోసం ఒత్తిడి తెస్తున్నారని ఇండియా పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఇరవై గంటలు ప్రయాణం చేసి, షుగర్ మాత్ర వేసుకునే వేళ దాటిపోయి, అవతల కొడుకు ఎదురుచూస్తుంటే ఎవరికైనా సంతకం పెట్టేసి బయటపడదామనే ఉంటుంది.

పెట్టక్కర్లేదు. అది స్వచ్ఛందం. నివాసం వదులుకున్నారని ఎయిర్‌పోర్టు ఆఫీసర్ తనంతట తాను తేల్చేసి కార్డు రద్దు చేయలేరు. ఇమిగ్రేషన్ జడ్జి ముందుకి వెళ్తానని చెప్పే హక్కు మీకుంది. అప్పుడు నోటీస్ టు అప్పియర్ (జడ్జి ముందు హాజరు కమ్మనే నోటీసు) ఇస్తారు. వదులుకున్నారని స్పష్టమైన, గట్టి ఆధారాలతో రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిది. కార్డు తీసుకున్నా, కేసు తేలేదాకా మీ హోదాకి వేరే రుజువు ఇవ్వాలి, మామూలుగా పాస్‌పోర్టులో స్టాంపు వేస్తారు. ఇంకో పక్క కూడా చెప్పాలి: కేసు నడిచేటప్పుడు నిర్బంధంలో ఉంచే అధికారం వాళ్లకుంది. అందుకే బయల్దేరేముందే ఒక ఇమిగ్రేషన్ లాయర్ నంబర్ కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టండి. ఫోన్ తీసుకునే అవకాశం ఉంది కాబట్టి ఫోన్‌లో ఉంటే చాలదు. అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే "అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు, మా అబ్బాయితో మాట్లాడాలని అడగండి" అని రెండుసార్లు చెప్పి పంపండి.

ఏడాది దాటిపోయింది, పర్మిట్ లేదు. ఇప్పుడేం చేయాలి?

ఉన్న దారి ఎస్‌బీ-1, రిటర్నింగ్ రెసిడెంట్ వీసా. డీఎస్-117 ఫారం, 180 డాలర్ల ఫీజుతో కాన్సులేట్‌లో పెట్టాలి. మూడు విషయాలు రుజువు చేయాలి: వెళ్లేనాటికి మీకు స్థిర నివాసం ఉంది, తిరిగి రావాలనే వెళ్లారు, ఆగిపోవడానికి కారణం మీ చేతిలో లేనిది, మీ తప్పు కానిది. ఒప్పుకుంటే తర్వాత డీఎస్-260 (ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు), మెడికల్ పరీక్ష, వాటి ఫీజులు, మామూలు ఇమిగ్రెంట్ వీసా తతంగమంతా ఉంటుంది.

కష్టం మూడో దాంట్లో. 2020 మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసినప్పుడు ఇరుక్కున్నవాళ్ల కారణం చేతిలో లేనిదే. కానీ విమానాలు దొరకడం మొదలయ్యాక కూడా ఎందుకు ఆగారన్నదానికి విడిగా జవాబు చెప్పుకోవాలి. స్ట్రోక్ వచ్చి మంచాన పడినవాళ్లది బలమైన కేసు. పొలం అమ్మకం తేలలేదు, కోర్టులో ఆస్తి తగాదా నడుస్తోంది, ఇల్లు కట్టిస్తున్నాం, ఇలాంటివి నిలవడం కష్టం. మనకి అవి ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటాయి, వాళ్లకి మీరు ఎంచుకున్న పనుల్లా కనబడతాయి. తల్లిదండ్రుల సేవ ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది. వేరే తోబుట్టువులు లేరని, పక్కన మనిషి లేకుండా కుదరదని కాగితాలు చెబితే ఆశ ఉంటుంది.

ఇంకా ఏడాది నిండకపోతే మాత్రం ఇది చదవడం ఆపి టికెట్ చూడండి. పదకొండో నెలలో వచ్చి నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పుకోవడం, పదమూడో నెలలో ఎస్‌బీ-1 పెట్టడంకన్నా చాలా తేలిక.

పౌరసత్వం గడియారం వేరే

కార్డు నిలబెట్టుకోవడం ఒక ఎత్తు, ఎన్-400కి (పౌరసత్వం దరఖాస్తుకి) అర్హత నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మామూలుగా ఐదేళ్ల నిరంతర నివాసం, అందులో కనీసం 30 నెలలు స్వయంగా అమెరికాలో ఉండటం కావాలి. అమెరికా పౌరుల్ని పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవాళ్లకి మూడేళ్లు, 18 నెలలు.

ఒక ట్రిప్పు ఆరు నెలలు దాటితే నిరంతరత తెగిందనే అనుకుంటారు, కాదని మీరు కాగితాలతో చూపాలి. ఏడాది నిండితే తెగినట్టే. రీఎంట్రీ పర్మిట్ ఇక్కడ అక్కరకు రాదు. ఉదాహరణకి 2024 మార్చి 1న వెళ్లి 2025 మే 1న తిరిగొచ్చారనుకోండి. ఐదేళ్ల లెక్కలో నాలుగేళ్ల ఒక రోజు ఆగితే, అంటే 2029 మే 2 నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. కానీ అప్పటికి వెనక్కి చూసే ఐదేళ్లలో ఏడాదికి కాస్త తక్కువ గైర్హాజరు ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి దానికి సంజాయిషీ ఇవ్వాలి. ఆ బాధ వద్దంటే మరో ఆరు నెలలు ఓపిక పట్టి పెట్టండి.

అమెరికా కంపెనీ తన విదేశీ వ్యాపారం కోసం పంపిస్తుంటే ఈ నిరంతరత తెగకుండా చూసుకోవడానికి ఎన్-470 ఫారం అనే దారి ఉంది. కార్డు వచ్చాక ఒక ఏడాది కదలకుండా అమెరికాలో ఉన్నవాళ్లే అర్హులు, బయట ఏడాది నిండకముందే పెట్టాలి. కంపెనీ హెచ్‌ఆర్ తనంతట తాను చెప్పదు, మీరే అడగండి.

మీ అర్హతకి ఇంకా కొద్ది నెలలే ఉండి, ఇండియాలో ఎక్కువకాలం ఉండాల్సిన అవసరం ముందు కనబడుతుంటే, వీలైతే పౌరసత్వం తీసుకునే వెళ్లండి. అప్పుడు ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకుంటారు, ఎన్నేళ్లున్నా అమెరికా తలుపు మూయదు.

కార్డు వద్దనుకుంటే

కొందరు అమ్మానాన్నలకి అసలు కార్డే అక్కర్లేదు. కొడుకు ముచ్చటపడి పెట్టించాడు, వాళ్ల మనసు ఊళ్లోనే ఉంది. ఏటా కార్డు కోసం విమానం ఎక్కడం, ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో గుండె దడ. అలాంటివాళ్లు ఇండియాలో ఉండగానే ప్రశాంతంగా ఐ-407 నింపి, కార్డు జతచేసి యూఎస్‌సీఐఎస్‌కి పోస్టులో పంపడం మర్యాదైన పని. దానికి ఫీజు లేదు. తర్వాత విజిటర్ వీసాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రేపు మనసు మారితే, కొడుకో కూతురో అమెరికా పౌరులై ఉంటే మళ్లీ ఐ-130 పెట్టి కొత్త కార్డు తెచ్చుకోవచ్చు. ఒకసారి వదులుకున్నారని నిషేధమేమీ లేదు.

మీ సొంత ఉద్యోగం మీద, ఈబీ-2, ఈబీ-3 క్యూలో ఏళ్లు వేచి తెచ్చుకున్న కార్డైతే అంత తేలిగ్గా వదలకండి, తిరిగి తెచ్చుకునే దారి అంత దగ్గర కాదు. పైగా గత 15 పన్ను సంవత్సరాల్లో కనీసం ఎనిమిదింటిలో కార్డు ఉన్నవాళ్లు వదులుకునేటప్పుడు 8854 ఫారం దాఖలు చేయాలి, ఆస్తి ఎక్కువుంటే ఎగ్జిట్ ట్యాక్స్ కూడా పడొచ్చు. ఆ లెక్క చూసుకున్నాకే ఐ-407 మీద తేదీ వేయండి.

పంపేముందు ఐ-407 కాపీ, కార్డు రెండు వైపుల ఫొటో, పోస్టు రసీదు మూడూ ఒకచోట దాచండి. విజిటర్ వీసా ఇంటర్వ్యూలో పాత గ్రీన్‌కార్డు ఏమైందని అడిగినప్పుడు కిటికీ అవతలికి ఇవ్వాల్సినవి అవే.